లోపలి వైపు చెవి

తాళాల దుకాణంలో మా మావయ్యకు రెండు రకాల మనుషులంటే పడదు. ఒకరు తలుపు కొలవకుండా వచ్చేవాళ్ళు. రెండోవాళ్ళు కొలిచి వచ్చేవాళ్ళు.

"సిలిండరు కావాలండీ," అంటాడు వచ్చినాయన.

"ఏ సైజు?"

"మామూలు సైజే."

"మామూలంటే? మీ తలుపు మందమెంత?"

"తలుపు ఎంతుంటుందండీ? తలుపంత ఉంటుంది."

మావయ్య కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెడతాడు. కళ్ళజోడు దిగిందంటే ఆ మనిషికి ఆ పూట మూడినట్టే. "చెప్పుల దుకాణానికెళ్ళి కాలు సైజెంతంటే కాలంత అని చెబుతారా? వెళ్ళి కొలుచుకు రండి. కొలవడం రాకపోతే తలుపు ఊడదీసి పట్టుకు రండి." నమ్మరు గానీ, ఒకాయన నిజంగానే తలుపు ఊడదీసి ఆటోలో వేసుకొచ్చాడు. మావయ్య ఆయనకు టీ తెప్పించాడు.

సిలిండరు అనగానే మీకు వంటగ్యాసు బండ గుర్తొస్తే తప్పు మీది కాదు. "బండ అయిపోయింది, ఇంకా పంపలేదేం?" అని మా దుకాణానికి ఫోను చేసి దబాయించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇది అది కాదు. తలుపులో తాళం చెవి దూర్చే చోట వేలంత ఇత్తడి ముక్క ఉంటుంది చూడండి, అదీ సిలిండరంటే. తాళం పెట్టె తలుపులోనే ఉండిపోతుంది. తలుపు అంచున ఉన్న స్క్రూ ఒకటి విప్పితే ఈ ముక్క మాత్రం జారి బయటికొస్తుంది. చెవులు పోయినా, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినా, తోడికోడలితో చెడినా, మార్చాల్సింది దీన్నే.

కొలవడంలోనే ఉంది తిరకాసంతా. జనం ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచి, పరీక్ష పాసైనట్టు మొహం పెట్టి అంకె చెబుతారు. కొలవాల్సింది మధ్యనున్న స్క్రూ దగ్గర్నుంచి. అక్కడి నుంచి వీధి వైపు ఎంత, ఇంటి వైపు ఎంత, దేనికది. రెండూ సమానంగా ఉండాలని ఎక్కడా లేదు. వీధి వైపు ముక్క పిడి పలకను దాటి బయటికి పొడుచుకొచ్చిందా, దొంగకు పట్టు మనమే అందించినట్టు. పట్టుకారుతో పట్టి వంచాడంటే పుటుక్కుమంటుంది. అందుకే మావయ్య తాను బిగించిన ప్రతి తలుపు మీదా బొటనవేలు రాసి చూసుకుంటాడు. తర్వాత ఇంటాయన చేత రాయిస్తాడు. తర్వాత ఇంటావిడ చేత. వాళ్ళు "బావుందండీ" అనేదాకా సంచీ సర్దడు.

ఇన్ని తెలిసిన నేనెవరో చెప్పలేదు కదూ. ఆయన చెల్లెలి కూతుర్ని. ఆఫీసులో మేనేజరుతో పడక మానేసి, ఏదో నాలుగు రోజులు కాలక్షేపమని ఈ కౌంటరు వెనక కూర్చున్నాను, ఇక లేవలేదు. అక్కడా ఒకాయన అరిచేవాడు, ఇక్కడా ఒకాయన అరుస్తాడు. కాకపోతే ఇక్కడ నేను తిరిగి అరవొచ్చు.

దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పక్క చెప్పులు కుట్టే ఆయన, ఇంకో పక్క జిరాక్సు. మధ్యన మేము. గోడంతా మేకులు, ప్రతి మేకుకూ ఒక సిలిండరు. చెవులు కోసే మిషను ఆడినప్పుడల్లా ఇత్తడి పొడి లేచి మావయ్య కనుబొమల్లో ఇరుక్కుంటుంది, అందుకని ఎండలో నిలబడితే దేవతలా మెరుస్తాడు. నోరు విప్పితే ఆ భ్రమ పోతుంది. దుకాణం నడిమధ్యన, గోడంటూ లేకుండా, చట్రంతో సహా ఒక తలుపు నిలబెట్టి ఉంటుంది. రకరకాల సిలిండర్లు అందులో పెట్టి చూపించడానికి. పక్కనుంచి చుట్టి రావడానికి బోలెడంత చోటుంది గానీ మావయ్య ఒప్పుకోడు. తలుపన్నాక తీసుకునే రావాలి, వేసే వెళ్ళాలి. ఒకసారి ఎవరో లోపల్నుంచి గడియ పెడితే, బయటున్న పెద్దమనిషి తలుపు తట్టి మరీ నిలబడ్డాడు.

ఆ తలుపు దగ్గర మావయ్య ప్రతివాళ్ళనూ అడిగే మాట ఒకటుంది. "ఇంట్లో పెద్దవాళ్ళున్నారా? చిన్నపిల్లలున్నారా?" ఉన్నారంటే మామూలు రకం అమ్మడు. మామూలు రకంలో లోపలి వైపు చెవి పెట్టి వదిలేస్తే, బయటి వాళ్ళ చెవి సగం దూరి ఆగిపోతుంది. ఎంత గింజుకున్నా లాభం లేదు. లోపల పెద్దాయన కళ్ళు తిరిగి పడితే, కొడుకు చెవి పట్టుకుని గుమ్మం ముందు నిలబడాల్సిందే. ఇంకో రకం ఉంది. లోపల చెవి ఉన్నా సరే బయటి చెవి తిరుగుతుంది. "ఇది పెట్టుకోండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు నన్ను తలుచుకుంటారు," అంటాడు. వద్దని మొండికేసిన వాళ్ళను, మీ పెద్దవాళ్ళంటే మీకు ప్రేమ లేదని మొహం మీదే అనేస్తాడు.

ఇంతా చేసి ఆయన సొంత ఇంటికి ఉన్నది ఆ మామూలు రకమే.

దానికో కథ ఉంది. మా అత్తయ్య సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ వెనక మెట్టు మీద నిలబడి "ముందుకు జరగండీ" అంటే, బస్సులో జనమే కాదు, ముందున్న బస్సులో జనం కూడా జరిగేవాళ్ళని మావయ్య అంటాడు. పెళ్ళయిన కొత్తలో కాపురం మావయ్య అమ్మగారింట్లో, ముగ్గురు మరుదుల మధ్య. కొత్త దంపతుల గదికి తలుపు లేదు, పరదా ఉంది. ఆ పరదా ఎవరు పడితే వాళ్ళు ఎత్తి "వదినా, దువ్వెనుందా?" "అమ్మాయ్, కత్తెరేదీ?" అంటూ చొరబడేవాళ్ళు. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి గోడకు వీపానించి, ఒక చేత్తో పరదా పట్టుకుని, ఇంకో చేత్తో చీర మార్చుకునేదట. ఊరిలో జనాన్నంతా అదిలించిన మనిషి, ఆ పరదాను మాత్రం ఏమీ చేయలేకపోయింది.

విడిగా ఇల్లు తీసుకున్న రోజున మావయ్య గొప్పగా "ఏం కావాలో కోరుకో" అన్నాడు. ఆవిడ అడిగింది ఒకటే. "నేను వేస్తే ఇంకెవరూ తీయలేని తలుపు కావాలి. ఎవరూ అంటే మీరు కూడా."

"నీ చేత్తో వేసింది నా చేత్తో తీయను. సరేనా?" అన్నాడు మావయ్య. అని, వీధి వైపు గోటికైనా తగలని, డ్రిల్లు మొనకు లొంగని ఉక్కు ముక్కలు పొదిగిన సిలిండరు ఏరికోరి తెచ్చి బిగించాడు. ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ, ఆ తలుపు బయట ఎక్కువగా కూర్చోబోయేది తానేనని అప్పుడు తట్టినట్టు లేదు.

అత్తయ్య తిట్టినంతసేపూ భయం లేదు. ఆవిడ తిట్లు కూడా "మీరు" అనే మర్యాదతోనే సాగుతాయి. "బుద్ధుందా అండీ మీకు? మనిషేనా మీరు?" ఇవి ఆ ఇంట్లో రోజువారీ కబుర్లు. నోరు మూసేసిందా, అప్పుడు కోపం వచ్చినట్టు. లోపల చెవి పెట్టేసి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. మావయ్య వస్తాడు, చెవి దూరుస్తాడు, సగంలో ఆగుతుంది. ఓ నిట్టూర్పు విడిచి మెట్ల మీద కూర్చుంటాడు. ఊరందరి తలుపులూ తీసే మనిషి సొంత గుమ్మం ముందు కూర్చోవడం ఆ వాటాల వాళ్ళకు టీవీ కన్నా ఇష్టం. ఎదురింటి ట్యూషను మాస్టారైతే కుర్చీ కూడా వేసి "ఇవాళెందుకండీ?" అని పరామర్శిస్తాడు. "గాలి కోసం," అంటాడు మావయ్య. ఆ మెట్ల మీద గాలి రమ్మన్నా రాదు.

కోపం ఉన్నంతసేపూ ఆవిడ ఒక్కరితోనే మాట్లాడుతుంది. ఫోనులో చెల్లెలితో. అదీ బయటికి వినపడాలనే. "ఆయనా? మెట్ల మీదున్నారు. ఉండనీ. ఆ మెట్లు ఆయనకు అలవాటేలే." తర్వాత ఎప్పుడో లోపల చెవి కిర్రుమంటుంది. ఈయన లేచి లోపలికెళతాడు. ఎందుకని ఇద్దరిలో ఎవరూ అడగరు.

"నీ దుకాణంలోనే ఇంకో రకం ఉందిగా, మార్చేసుకోరాదూ?" అని నేను అడగకపోలేదు.

"మాట ఇచ్చానే," అన్నాడు. "అయినా ఇంటికొకళ్ళు బయట కూర్చోవాలి. మా ఇంట్లో నేను."

అలా సాగిపోతుంటే, ఒకనాడు మధ్యాహ్నం భోజనానికని వెళ్ళినాయన ఎంతకీ తిరిగి రాలేదు. ఫోను చేస్తే, "మీ అత్తయ్య తలుపేసింది. కౌంటరు చూసుకో," అన్నాడు.

"ఏం చేశావు?"

"అదే ఆలోచిస్తున్నా. పొద్దున బాగానే ఉంది. నవ్వింది కూడా."

"నవ్విందా? అయితే పెద్దదే చేసుంటావు," అని ఫోను పెట్టేశాను.

తర్వాత జరిగింది మాస్టారు చెప్పగా తెలిసింది. తప్పేదో గుర్తు రాక మావయ్య తెలివైన పని ఒకటి చేశాడు. గుర్తున్నవన్నీ ఒప్పుకుంటే అందులో అదీ ఉంటుంది కదా అని, తలుపుకు మొహం ఆనించి మొదలుపెట్టాడు. "ఏమే, ఆ స్వెట్టరు గురించా? రఫ్ఫు చేయడానికిచ్చాను అన్నది అబద్ధం. బస్సులో వదిలేశాను." లోపల్నుంచి చప్పుడు లేదు. "పూలకుండీ సంగతి తెలిసిపోయిందా? పిల్లి కాదు, నేనే తన్నుకున్నాను." చప్పుడు లేదు. దుకాణంలో చక్కెర వేసుకునే టీ తాగుతున్నాననీ, డాక్టరుకు తప్పు చెప్పాననీ ఒప్పుకున్నాడు. ఆవిడ చెల్లెలి గురకను తాను అనుకరిస్తే జిరాక్సు షాపు మొత్తం నవ్విందనీ ఒప్పుకున్నాడు. మాస్టారు దగ్గర చదువుకునే పిల్లలు లెక్కలు మానేసి గుమ్మంలో చేరారు. చివరికి గొంతు తగ్గించి, "రేడియో దానంతటది పాడవలేదే. పొద్దున్నే ఆ పాటలు వినలేక వైరు నేనే లాగేశాను," అన్నాడు. దానికి కూడా జవాబు లేకపోయేసరికి మాస్టారు "గట్టి కోపమేనండీ" అన్నాడు. మావయ్య నవ్వి, మెట్టు మీద వెనక్కి వాలి, "మా ఆవిడ కోపమంటే అట్లా ఉంటుంది మరి," అన్నాడు గర్వంగా.

అప్పుడు లోపల ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది.

ఎంత కోపంలో ఉన్నా, కోపంలో ఉంటే మరీనూ, చెల్లెలి ఫోను ఎత్తకుండా ఉండే మనిషి కాదు అత్తయ్య. మావయ్య మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయిందనీ, తర్వాత మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడనీ మాస్టారు చెప్పాడు. ఆవిడ కోపంతో తలుపు వేసుకోలేదు. ఇంట్లో పని చేసుకుంటూ మామూలుగా వేసుకుని, అలవాటు కొద్దీ చెవి దానికే వదిలేసింది.

నాకు ఫోను వచ్చింది. "డ్రిల్లు పట్రా." అంతే. దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి మావయ్య భుజంతో తలుపును గుద్దుతున్నాడు. అదేమో ఆయన ఎంచి చేయించిన గట్టి కర్ర. నా చేతిలోంచి డ్రిల్లు లాక్కుని చెవి రంధ్రం కింద మొన ఆనించాడు. కీచుమని జారిపోయింది. మళ్ళీ ఆనించాడు. మొన విరిగింది. ఇంకోటి బిగించాడు. "దీన్ని విరవొచ్చు కదండీ, పట్టుకారు తెస్తాను," అన్నాడు మాస్టారు. విరవడానికి పట్టు ఏదీ? పలకతో సమానంగా, వేలికి కూడా తెలియకుండా ఉంది. మావయ్య దాని మీద అరచేత్తో కొడుతూ "ఎవడే దీన్ని బిగించిందీ? ఏ దరిద్రుడే?" అని అరిచాడు. పిల్లల్లో ఎవరూ నవ్వలేదు. నేను ఆయన్ను అట్లా చూడటం అదే మొదలు.

ఎన్ని మొనలు పోయాయో, చివరికి లోపల ఏదో తెగి తలుపు వదులైంది.

అత్తయ్య వంటింట్లో నేల మీద ఉంది. పక్కన బకెట్టు దొర్లి పడి ఉంది, నేలంతా నీళ్ళు. ఒక కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నీళ్ళలోనే కూలబడి మావయ్య ఆవిడ తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆవిడ పెదాలు కదిలాయి. ఆయన చెవి దగ్గరగా పెట్టాడు. బస్సులు కదిలించిన గొంతు గుసగుసగా వచ్చింది.

"రేడియో... మీరేనా?"

మావయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసి ఉండదు.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషను చేసి లోపల ఏదో లోహం బిగించారు. మావయ్య డాక్టరును పట్టుకుని స్క్రూ పొడవెంత, అటెంత ఇటెంత అని అడిగి బయటికి నెట్టించుకున్నాడు. అత్తయ్య గొంతు తిరిగి రాగానే స్వెట్టరుతో మొదలుపెట్టి ఒక్కొక్క నేరాన్నీ విచారించింది. వార్డు మొత్తానికి ఆయన చక్కెర టీ సంగతి తెలిసింది. నర్సులు ఆయన కనబడితే "పిల్లిగారు వచ్చారు" అనేవాళ్ళు. ఆవిడ చెల్లెలు వచ్చి, మంచం ఈ పక్కన కూర్చుని, ఆ పక్కనున్న మావయ్య వైపు చూడకుండా వెళ్ళింది.

కానీ ఒక పూట మావయ్య మందులకు వెళ్ళినప్పుడు అత్తయ్య కప్పు వంక చూస్తూ నాతో అంది. "పడగానే స్పృహ పోయినట్టుంది. ఆయన గొంతు విని తెలివొచ్చిందే. పిలుద్దామంటే ఊపిరి అందలేదు. గిన్నె ఏదైనా తోద్దామంటే చెయ్యి అందలేదు. ఆయన మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఇంకాసేపట్లో వస్తారులే, వస్తారులే అనుకున్నాను. నవ్వుతున్నారు. అవతల అందరూ నవ్వుతున్నారే. ఇంత దగ్గర్లో ఉండి కూడా రారా అనుకున్నాను." నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ మాట మావయ్యకు చెప్పాలా వద్దా అని తల బద్దలు కొట్టుకున్నాను గానీ, ఆయన దాన్ని తనంతట తాను రోజూ అనుకుంటూనే ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఆయన సిలిండరు ఎంచుకోలేకపోయాడు.

ఇంటి తలుపుకు బెజ్జం అలాగే ఉంది. అందులో గుడ్డ కుక్కి, బయట కప్పతాళం వేసి పెట్టాడు. ఎవరొచ్చి అడిగినా చిటికెలో గోడ మీంచి సరైనది తీసిచ్చే మనిషి, తన తలుపు కోసం మాత్రం ఒకటి తీస్తాడు, అరచేతిలో తిప్పుతాడు, మేకుకు తగిలిస్తాడు. తలుపు మందం ఎంతో ఆయనకు నిద్రలో కూడా తెలుసు. అది కాదు బాధ.

"ఆలోచన దేనికి? లోపల చెవి ఉన్నా తెరుచుకునే రకం పెట్టెయ్," అన్నాను.

"అది పెడితే అది తలుపు కాదే. పరదా."

"అయితే పాతదే పెట్టు."

"పెడితే అది తలుపు కాదే," అన్నాడు. ఇంకేదో అనబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అటుగా వచ్చిన ఒకావిడ "మామూలు సైజు సిలిండరు ఇవ్వండి" అంటే, తిట్టకుండా ఇచ్చి పంపించాడు. నాకు భయమేసింది.

అత్తయ్య నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని ఇంటికొచ్చిన రోజున, గుమ్మంలోనే ఆగి బెజ్జంలోని గుడ్డను చూసింది. "నాది నాకు పెట్టండి," అంది.

"పెట్టను," అన్నాడు మావయ్య. "మళ్ళీ పడితే?"

"నేను పడ్డది తడి నేల వల్ల. తలుపు వల్ల కాదు."

"పడ్డది నేల వల్లే. పడి ఉన్నది మాత్రం తలుపు వల్ల. నేను బయట కూర్చుని మాస్టారుతో పరాచికాలాడుతుంటే నువ్వు లోపల..." బెజ్జంలోని గుడ్డను వేలితో లోపలికి నొక్కాడు. "నావల్ల కాదే. ఇంకోసారి నావల్ల కాదు. మాట తప్పినవాడు అనుకో. ఏమైనా అనుకో."

అత్తయ్య వాకరు పిడులు బిగించి పట్టుకుంది. ఆవిడ వదులుకుంటున్నది మామూలుది కాదని నాకూ తెలుస్తోంది. "సరే, ఆ ఇంకో రకమే పెట్టండి," అంది చివరికి. "కానీ నేను చెవి పెట్టినప్పుడు మీరు మీ చెవి వాడకూడదు."

"వాడను. కానీ నేను పిలిస్తే నువ్వు పలకాలి."

"పలికితే అది కోపమెలా అవుతుందండీ? బుద్ధుందా మీకు?"

ఇదీ న్యాయమే. ఇద్దరూ నన్ను చూశారు. నేను ఆలోచించి, "అత్తయ్యా, నువ్వు మాట్లాడొద్దు. వాకరుతో నేల మీద ఒక్కసారి కొట్టు. కోపానికి కోపమూ ఉంటుంది, నువ్వున్నావనీ తెలుస్తుంది," అన్నాను. మేనేజరు దగ్గర ఎన్ని ఒప్పందాలు టైపు చేసినా ఇంత మంచిది ఎప్పుడూ చేయలేదు. కొట్టకపోతే మాత్రం మావయ్య తలుపు తీస్తాడు, అప్పుడు దాన్ని మాట తప్పడమని అనకూడదు. అత్తయ్య ఒప్పుకుంది. మావయ్య ఆ సాయంత్రమే కొత్త సిలిండరు బిగించి, వేలు రాసి చూసుకుని, ఆవిడ చేత కూడా రాయించాడు. ఆవిడ రాసింది గానీ, బావుందని అనలేదు.

కొన్నాళ్ళు తలుపు మాటే రాలేదు. అత్తయ్య వాకరు వదిలి చేతికర్రకు వచ్చింది. తర్వాత ఒకనాడు దుకాణంలో టీ గ్లాసు అడుగున చక్కెర ఉండగా ఆవిడ చెల్లెలి కంట పడ్డాడు మావయ్య. ఆవిడ ఊరుకుంటుందా? గురక బాకీ కూడా ఉందాయె.

ఇంటికెళ్ళేసరికి లోపల చెవి ఉంది. నేనూ వెంటే ఉన్నాను, అత్తయ్యకు మందులివ్వాలని. మావయ్య తన చెవి చూసుకున్నాడు, జేబులో వేసుకున్నాడు, మెట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు తలుపు తీసి చూసి, ఈసారి కుర్చీ తేకుండా, అక్కడే నిలబడ్డాడు.

"ఏమే," అని పిలిచాడు మావయ్య.

టక్. చేతికర్ర నేల మీద. ఆ టక్‌లో ఉన్న తిట్లన్నీ మాకు తెలిశాయి. మావయ్య మొహం విప్పారింది. "చూశావా, ఎంత కోపంగా ఉందో!" అన్నాడు నాతో.

కాసేపాగి మళ్ళీ పిలిచాడు. టక్. ఇంకాసేపాగి పిలిచాడు. టక్. తీరిగ్గా కాళ్ళు చాపుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మెట్ల మీద ఆయన అంత సుఖంగా కూర్చోవడం నేను చూడలేదు.

మళ్ళీ పిలిచాడు.

ఏమీ వినపడలేదు.

"ఏమే!"

ఏమీ లేదు. మావయ్య ఎప్పుడు లేచాడో, జేబులోంచి చెవి ఎప్పుడు తీశాడో తెలియదు. ఊరంతటి తాళాలు ఎరిగిన చేతికి రంధ్రం దొరకడం లేదు. నేను సాయానికి వెళ్ళేలోపు దూర్చాడు, తిప్పాడు, తలుపును భుజంతో తోసుకుంటూ దాదాపు లోపలికి పడ్డాడు.

తలుపుకు ఎదురుగా, రెండడుగుల దూరంలో, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది అత్తయ్య. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. మనిషికి ఏమీ కాలేదు.

"కొట్టలేదేం?" అన్నాడు మావయ్య, ఊపిరందక. "పిచ్చా నీకు? ఏమైందో అని..."

"చూద్దామని," అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు, ఆటా లేదు. "ఎంతసేపటికి వస్తారో చూద్దామని."

మావయ్య గుమ్మంలోనే, ఆవిడ కాళ్ళ దగ్గర, నేల మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అత్తయ్య చేతికర్రను కుర్చీకి ఆనించింది. తర్వాత ముందుకు వంగి, ఆయన చేతులు తప్పించి, కనుబొమల్లో ఇరుక్కున్న ఇత్తడి పొడిని బొటనవేలితో తుడిచింది.

"పరవాలేదు లెండి," అంది. "తొందరగానే వచ్చారు."